చెయ్యి నాది, చేతిరాత ఆవిడది

నర్సమ్మ ఫోను చేసినప్పుడు నా కాలు మెషిను మీద, చెవి ఫోను మీద ఉన్నాయి. బుద్ధి ఎక్కడుందో దానికే తెలియాలి.

"మాస్టారూ, సేఫ్టీ ప్యానెల్ వాళ్లు రమ్మంటున్నారు, పదకొండింటికి" అందిట ఆవిడ.

"సేఫ్టీ పిన్నులు తెమ్మంటున్నారు" అని విన్నాను నేను. ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టేవాడి చెవిలో ప్యానెల్ దూరితే పిన్నుగా మారక పిల్లనగ్రోవిగా మారుతుందా?

"ఎన్ని కావాలమ్మా?"

"ఐదుగురండీ."

"ఐదు గ్రోసులా, అంటే ఏడొందల ఇరవై! ఆస్పత్రిలో కట్లన్నీ ఊడిపోతున్నాయా ఏమిటి? సరే, చిన్నవా, పెద్దవా?"

"చాలా పెద్దవాళ్లండీ. మీరు కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి."

పిన్నులతో జాగ్రత్తగా ఉండాలి గాని మాట్లాడటమేమిటా అని మెషిను ఆపాను. ఆపాక వినపడిన మాట మాత్రం వేలిలో సూదిలా దిగింది.

"ఇవాళ మీ మాత్రల డబ్బా ఇవ్వరు మాస్టారూ. ముందు వాళ్లు మిమ్మల్ని చూడాలి. చూశాక అయినా ఇస్తారో లేదో నాకు తెలీదు."

ఫోను పెట్టేసి చెయ్యి చూసుకున్నాను. వణకడం లేదు. ఆరు వారాలుగా వణకడం లేదు. కానీ ఆ చెయ్యి నాది కాదనీ, ఎవరో వాడుకోమని ఇచ్చి ఇప్పుడు తిరిగి అడుగుతున్నారనీ అనిపించింది.

రెండేళ్ల కిందట నా కుడి చెయ్యి నా మాట వినడం మానేసింది. మొదట సూదిలో దారం ఎక్కలేదు. కళ్లజోడు మార్చాను. తర్వాత సుద్దతో గీసిన గీత పాము పాకినట్టు వచ్చింది. సుద్ద మార్చాను. ఒకరోజు ఖరీదైన కోటు గుడ్డ మీద కత్తెర దానంతట అదే వేలెడు పక్కకి పోయింది. ఈసారి మార్చాల్సింది నన్నేనని తెలిసింది. దారం నమ్ముకున్నవాడికి చెయ్యే ఆధారం. డాక్టర్లు ఆ వణుకుకి పొడుగాటి పేరొకటి పెట్టి, ఉన్న మందులన్నీ ఇచ్చారు. మందులతో నేను మందంగా తయారయ్యాను గాని వణుకు మాత్రం వెనకడుగు వెయ్యలేదు.

అప్పుడు దొరికింది ఈ పరిశోధన. కొత్త మందు, పదహారు మంది రోగులు, పన్నెండు వారాలు. మందు ఎంత మేలు చేస్తుందో తర్వాత చూస్తాం, ముందు ఎంత కీడు చేస్తుందో చూడాలి అని పెద్ద డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. "ఇది పచ్చికుట్టు వేసిన చొక్కా మాస్టారూ. మీ ఒంటి మీదే సరిచూస్తున్నాం" అని నా భాషలో చెప్పేసరికి ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేశాను. సంతకం పెట్టే చెయ్యి కాదది అప్పటికి.

రెండో వారం చివరికి సూదిలో దారం ఎక్కింది. ఒక్కసారికే! షాపులో ఎగిరి గంతేసి, మా ఆవిడ చేతిలోంచి కత్తెర తీసుకుని, "ఇక నీకీ పాట్లు అక్కర్లేదోయ్, హాయిగా కాజాలు కుట్టుకో" అన్నాను. రెండేళ్లు తనే గుడ్డ కోసింది మరి. తన చేతికి విశ్రాంతి ఇచ్చానని ఎంత మురిసిపోయానో.

మాత్రలు రోజుకి మూడు. ఉదయం ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి తొమ్మిది. ప్రతి సోమవారం వారానికి సరిపడా డబ్బా ఇస్తారు. మూడో వారంలో ఓసారి రెండు పూటలు తప్పితే మర్నాడు సూది నా వేళ్ల మధ్య చిందులేసింది. ఇవాళ సోమవారం. పొద్దుటి మాత్రతో పాత డబ్బా ఖాళీ.

"ఎవరు?" అంది మా ఆవిడ, కాజా మీంచి తల ఎత్తకుండా.

"ఆస్పత్రి. సేఫ్టీ పిన్నులు కావాలిట. మాత్రలు ఇవ్వరుట."

"ఆ రెంటికీ ఏమిటి సంబంధం?"

"అవి గుచ్చేవి, ఇవి గుటకేసేవి."

తను నవ్వలేదు. ఈ మధ్య నా మాటలకి నవ్వడమే మానేసింది. జోకులు పాతబడ్డాయేమోనని, చిరిగిన చోటల్లా అతుకేసినట్టు, రోజుకి రెండు కొత్తవి వేస్తున్నాను.

*

షాపులో ఉన్న రెండు డబ్బాల పిన్నులు సంచీలో వేసుకుని ఆస్పత్రికి వెళ్లాం. పరిశోధన విభాగం మూడో అంతస్తులో. లిఫ్టు తలుపు తెరుచుకోగానే తెలిసింది, పిలుపు నా ఒక్కడికే కాదని. సోమవారం డబ్బాల కోసం వచ్చినవాళ్లంతా గోడ వెంట కుర్చీల్లో ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో ఇంటి మనిషి. ఎవరి చేతిలోనూ డబ్బా లేదు.

"వచ్చారా మాస్టారూ" అన్నాడు కండక్టరు. బస్సులో టికెట్లు కొట్టి కొట్టి రిటైరయిన మనిషి. ఈ విభాగంలో నాకు దొరికిన స్నేహితుడు. ఇవాళ గొంతులో స్నేహం లేదు. "మీవల్లేనటగా మా అందరికీ మందు ఆగింది?"

"నావల్లా? నేనేం చేశానండీ?"

"నన్నడుగుతారేంటి? ఏడు వారాల్నుంచి నా మనవడికి నేనే జోళ్ల తాళ్లు కడుతున్నాను. రేపట్నుంచి ఎవడు కట్టాలి?"

"ఊరుకోండి మామయ్యగారూ" అని ఆయన కోడలు చెయ్యి పట్టుకుంది.

నర్సమ్మ పరుగున వచ్చింది. నేను సంచీ తెరిచి చూపించాను. ఆవిడ పిన్నుల కేసి, నా కేసి, మా ఆవిడ కేసి చూసి నెత్తి కొట్టుకుంది.

"పిన్నులు కాదు మాస్టారూ, ప్యానెల్! మందువల్ల ఎవరికైనా హాని జరుగుతోందా అని చూసే ఐదుగురు పెద్దలు. వాళ్లు ఆపమంటే పరిశోధన ఆగిపోతుంది."

"హాని ఎవరికి జరిగింది?"

ఆవిడ నా కళ్లలోకి చూడలేదు. "లోపల చెప్తారు. మీరొక్కరే రావాలి."

మా ఆవిడ కండక్టరుగారి కోడలి పక్కన కూర్చుంది. పిన్నుల సంచీ తన ఒళ్లో పెట్టి నేను లోపలికి వెళ్లాను.

*

పొడుగాటి బల్ల. ఆ వైపు ఐదుగురు, ఈ వైపు నేను. పక్కగా, దోషిలా తలొంచుకుని పెద్ద డాక్టరమ్మ. ఐదుగురిలో మధ్యనున్న తెల్లగడ్డం ఆయన మనసు డాక్టరు. ఆయన పక్కన లెక్కల అమ్మాయి, ముందర కంప్యూటరుతో. మిగతా ముగ్గురూ నోరు విప్పలేదు గనక వాళ్ల సంగతి నేనూ ఎత్తను.

గోడ మీద తెర. దాని మీద రెండు గీతలు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రెండూ కొండ మీంచి దొర్లినట్టు కిందికి దిగుతున్నాయి.

"నీలం గీత మీ చేతి వణుకు" అంది లెక్కల అమ్మాయి. "మేం మీ మణికట్టుకి కట్టిన పట్టీ లెక్కపెట్టింది. వందకి డెబ్భై పాళ్లు తగ్గింది. పదహారు మందిలో ఇంత తగ్గింది మీకే."

"దిగితే సంతోషించే గీత అన్నమాట! మా వీధి పంపులో నీళ్లు కూడా ఇంత బాగా దిగవండీ."

ఎవరూ నవ్వలేదు. మనసు డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"మరి ఆ ఎర్రది?"

"మీ మనసు" అన్నాడాయన, మెత్తగా. పసిపిల్లలతోనూ పోబోయేవాళ్లతోనూ మాట్లాడే గొంతది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"

"పడుతుందండీ. పడ్డాక లేవడమే కష్టం."

మళ్లీ రాసుకున్నాడు.

"ఆకలి?"

"కొలతలు తీసేవాణ్ణి, పెరిగిన నా నడుము కొలత నాకే చెప్పుకోలేకపోతున్నాను."

మళ్లీ రాసుకున్నాడు! నేను జోకు వేసినప్పుడల్లా ఆయన కలం కదులుతోంది. నా జీవితంలో నా మాటలు ఇంత శ్రద్ధగా రాసుకున్నవాడు లేడు. సంతోషించాల్సింది పోయి, నాకు చెమట పట్టింది.

"మాస్టారూ, లోపల బాధ ఎక్కువైనవాళ్లు కొందరు పైకి మరీ ఎక్కువ నవ్విస్తారు" అన్నాడాయన. "మీరు మా దగ్గర నవ్వించక్కర్లేదు."

"నాకు బాధ లేదండీ! నేను పుట్టడమే ఇలా పుట్టాను. మా అమ్మనడగండి."

"అమ్మగారు ఉన్నారా?"

"లేరు."

కలం కదిలింది.

చెప్పేదేదీ నమ్మరు, నవ్వితే రోగం, నవ్వకపోతే ముదిరిన రోగం. ఇంత ఇరుకు చొక్కా నేనెవరికీ కుట్టలేదు.

లెక్కల అమ్మాయి సంగతి తేల్చి చెప్పింది. మందు మెదడులోకి వెళ్తుంది. చేతిని నిలబెట్టే మందు మనసుని పడగొట్టొచ్చు. అందుకే మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నారు. మనసు అంకె పదికి మూడు కన్నా తక్కువగా వారం పాటు వరసగా ఎవరికైనా పడితే ఒక గుర్తు. అలాంటి గుర్తులు రెండు పడితే మందు అందరికీ ఆగిపోతుంది. ఒక గుర్తు పోయిన నెలలోనే పడింది. అతను మధ్యలో మానేశాడు.

"రెండో గుర్తు మీరు" అంది.

గోడ గడియారం పన్నెండూ ఐదు చూపిస్తోంది. ఒంటిగంట మాత్రకి యాభై అయిదు నిమిషాలు.

"నాకు మూడు కూడా లేదా? ఎవరేశారండీ ఆ అంకె?"

"మీరే. మీ డైరీలో. పదో ప్రశ్న."

ఇక్కడ మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. కొలతలు నేను తీసి పైకి చదువుతాను, మా ఆవిడ పుస్తకంలో రాస్తుంది. ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై నాలుగు అన్నాక నాకు విసుగొస్తుంది. వచ్చినవాళ్లతో కబుర్లలో పడి, "మిగతాది నీకు తెలుసుగా, రాసెయ్" అంటాను. తను మనిషిని ఓసారి ఎగాదిగా చూసి భుజం, చెయ్యి, మెడ అన్నీ వేసేస్తుంది. ఇరవై రెండేళ్లలో ఒక్క చొక్కా వెనక్కి రాలేదు.

ఈ డైరీ కూడా అలాగే నడిచింది. మొదటి రోజు నా అక్షరాలు చూసి, ఇంట్లో ఎవరిచేతైనా రాయించండి అని నర్సమ్మే అంది. రోజూ సాయంత్రం పది ప్రశ్నలు. వణుకు, తలనొప్పి, కడుపు, నడక అని తొమ్మిది ఒంటి గురించి. అవి నేను చెప్పేవాణ్ణి. పదోది, "ఈ రోజు మీ మనసు ఎలా ఉంది? అంకె వేసి, కారణం ఒక వాక్యం రాయండి." మొదటి రోజు మా ఆవిడ ఆ ప్రశ్న చదివితే నేను ఏమన్నానో ఇప్పుడు నాకు గుర్తొచ్చింది.

"నా మనసు నీకు తెలీదా? రాసెయ్."

కింద సంతకం నాదే. చెయ్యి బాగుపడిన సంబరంలో గీతలు గీతలుగా రోజూ పెట్టాను. చదివిన పాపాన పోలేదు.

"ఏం రాసి ఉందండీ అందులో?" అన్నాను.

లెక్కల అమ్మాయి కంప్యూటరులో చూసి చదివింది. "ఐదో వారం మంగళవారం. మూడు. పొద్దుట్నుంచి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఎవరూ గమనించలేదు."

నేనా? కిటికీలోంచి? మా షాపు కిటికీ నా వీపు వెనకాల ఉంటుంది.

"ఆరో వారం శుక్రవారం. రెండు. ఇవాళ కూడా కత్తెర ముట్టుకోలేదు."

ఆ శుక్రవారం నాకు బాగా గుర్తుంది. బడిపిల్లల నిక్కర్లు నలభై కోశాను. సాయంత్రానికి కత్తెర పిడి వేలి మీద పొక్కు లేచింది.

"నిన్న. ఆదివారం. ఒకటి." ఆ అమ్మాయి ఆగింది. మనసు డాక్టరు తలూపాక చదివింది. "నేను లేకపోయినా ఈ షాపు నడుస్తుంది."

అందరూ నా కేసి చూస్తున్నారు, కిటికీ అంచున నిలబడ్డవాణ్ణి చూసినట్టు. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. ఊళ్లోవాళ్లకి కుట్టేవాణ్ణి, నన్నే కుట్టింది తేలు, అదీ గుండెలో.

ఆ ఎర్ర గీత నాది కాదు. తలుపు అవతల పిన్నుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిది. ఆరు వారాలుగా నా పక్కనే కూర్చుని జారిపోతోంది, నేను జోకుల మీద జోకులు వేస్తున్నాను.

"ఇది మీ మనసేనా మాస్టారూ?" అన్నాడు మనసు డాక్టరు.

అవును అంటే మందు అందరికీ ఆగుతుంది, రేపటికే నా చెయ్యి మళ్లీ చిందులేస్తుంది, మా ఆవిడ గుట్టు మాత్రం గుట్టుగా ఉంటుంది. కాదు అంటే నియమం తప్పినవాణ్ణని నన్ను గెంటేస్తారు, ఆ ఐదుగురి ముందూ తన మనసు మూట విప్పాలి. ఎటు కత్తిరించినా గుడ్డ పాడే. నా చేతుల కేసి చూసుకున్నాను. మందు లోపలుండగానే వణుకుతున్నాయి.

మాట మార్చడానికి జోకు కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి.

"కాదండీ" అన్నాను. "చెయ్యి నాది. ఆ చేతిరాత మా ఆవిడది. మనసు కూడా ఆవిడదే. నేను చదవకుండా సంతకం పెట్టాను. నన్ను తీసేస్తే తీసెయ్యండి. ముందు తనని లోపలికి పిలవండి, ఆ రాతలు మీకన్నా నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి."

*

మా ఆవిడ సంచీతోనే వచ్చింది. నా పక్క కుర్చీలో కూర్చుని తెర కేసి చూసింది. ఎర్ర గీతని ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టింది. కొలత చూడటంలో తనకి తిరుగులేదు.

"అది నేనే" అంది.

"తెలిసే రాశారా?" అంది లెక్కల అమ్మాయి, గొంతు కాస్త గట్టిగా. "మీ అంకెల వల్ల మందు ఆగిపోతుందని తెలుసా?"

"తెలీదమ్మా. మందుకీ మనసుకీ ముడి పెడతారని నాకెవరూ చెప్పలేదు. అసలు ఎవరైనా చదువుతారనే అనుకోలేదు."

"మరి ఆయన్ని అడగకుండా మీ గురించి ఎందుకు రాశారు?"

"మొదటి రెండు వారాలూ ఈయన గురించే రాశాను. ఈయన మనసు రాయడానికేముంది? ఏడు, ఎనిమిది, తొమ్మిది. తర్వాత ఓ సాయంత్రం ఆ ప్రశ్న మళ్లీ చదివాను. ఈ రోజు మీ మనసు ఎలా ఉంది, అని." తను సంచీ పిడి మెలిపెడుతోంది. "పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఆ మాట నన్నడిగింది ఆ కాగితమొక్కటే. అడిగింది కదా అని చెప్పాను."

మనసు డాక్టరు కలం కింద పెట్టేశాడు.

"ఏం జరిగిందమ్మా మూడో వారంలో?"

"ఈయన చెయ్యి బాగుపడింది."

పెద్ద డాక్టరమ్మ తలెత్తింది.

"రెండేళ్లు నేనే కోశానండీ. మొదట భయంతో కోశాను. ఆర్నెల్లకి వచ్చినవాళ్లు, అమ్మగారి కోతే బాగుంది, అమ్మగారినే కొయ్యమనండి అనడం మొదలెట్టారు. ఈయనకి బాధ కలుగుతుందని ఆ మాటలు ఈయన చెవిన పడనిచ్చేదాన్ని కాదు. చెయ్యి బాగుపడిన రోజున ఈయన నా చేతిలోంచి కత్తెర లాక్కుని, హాయిగా కాజాలు కుట్టుకోమన్నారు. ఈయన చెయ్యి నిలబడింది, నా చెయ్యి ఖాళీ అయింది. చెప్పుకుంటే ఏమంటారు? మొగుడు బాగుపడితే ఏడుస్తోంది అంటారు."

గడియారం పన్నెండూ ఇరవై ఐదు.

మనసు డాక్టరు చాలా నెమ్మదిగా అడిగాడు. "ఆయన చెయ్యి మళ్లీ వణికితే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?"

లేదని చెప్పు, లేదని చెప్పు అని లోపల గొణుక్కున్నాను.

"అనిపించింది" అంది. "ఒక్క పూట. నిన్న. అలా అనిపించినందుకే ఒకటి వేశాను."

వణికే చెయ్యి తన చేతి మీద వెయ్యాలో వద్దో తెలియక బల్ల మీదే ఉంచుకున్నాను. కాసేపటికి తనే దాన్ని తీసి తన ఒళ్లో పెట్టుకుంది. నర్సమ్మ నాడి చూసినట్టే పట్టుకుంది, ప్రేమగా కాదు, ఎంత వణుకుతోందో చూడటానికి.

"మీరిద్దరూ బయట కూర్చోండి" అన్నాడు మనసు డాక్టరు. "అమ్మా, మీరు రేపు పదింటికి నా గదికి రావాలి. ఇది పరిశోధన కోసం కాదు, మీ కోసం. వస్తారా?"

"వస్తాను" అంది మా ఆవిడ.

*

కిటికీ దగ్గర, కుర్చీలకి దూరంగా నిలబడ్డాం. కండక్టరు అక్కణ్నుంచే మా పెదాలు చదవడానికి తంటాలు పడుతున్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా" అన్నాను.

"మీరు మాట్లాడ్డం ఆపితే గదా."

"కత్తెర నువ్వే ఉంచుకో. ఇవాళ్టి నుంచి నీదే."

"నాకేం దానం చెయ్యక్కర్లేదు." తను మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "సగం బల్ల నాది. కోట్లు నేను కోస్తాను. నిక్కర్లు మీరు కొయ్యండి. కాజాలు చెరి సగం."

"కాజాలా? నేనా? నా వేళ్లు..."

"మందు తింటున్నారుగా."

"ఇస్తే!" అన్నాను.

పన్నెండూ నలభై. యాభై. తలుపు తెరుచుకోలేదు. లోపల గొంతులు పెరిగాయి, తగ్గాయి. పెద్ద డాక్టరమ్మ గొంతు ఒకసారి పైకి లేచి, "తప్పు రోగులది కాదు" అనడం వినపడింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. నా చెయ్యి చూసుకున్నాను. మా ఆవిడా చూసింది. ఆ చెయ్యి నిలవాలని తను కోరుకుంటోందా అని నాలో ఒక పాడు సందేహం వచ్చింది. వెంటనే, అడక్కుండానే, తను నర్సమ్మ దగ్గరికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది. మాత్ర ఇస్తే వేసుకోవడానికి.

ఒంటిగంటకి మూడు నిమిషాలుండగా పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చింది. కుర్చీల్లో అందరూ లేచి నిలబడ్డారు.

"మందు ఆగడం లేదు" అంది. "ఇప్పటికి. ఒక్క వారానికి మాత్రమే డబ్బాలిస్తాం. ఈ వారంలో నర్సమ్మ మీ అందరికీ రోజూ ఫోను చేసి, మనసు సంగతి మీ నోటితోనే అడుగుతుంది. పాత డైరీలన్నీ మళ్లీ చూస్తాం. మాస్టారి మనసు అంకెలు మొత్తం కొట్టేశాం. నియమం తప్పినట్టు ఆయన పేరు మీద రాశాం." నర్సమ్మ కేసి ఓసారి చూసింది. "మా పేరు మీద కూడా రాశాం. రాయించుకోండి అన్నాం గాని, ఎవరి మాట రాయాలో సరిగ్గా చెప్పలేదు."

"ఏం కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు, నాకో ముక్క అర్థమైతే ఒట్టు" అన్నాడు కండక్టరు. "మాస్టారికి పిచ్చెక్కిందన్నారు కదా పొద్దున్న?"

"ఎవరన్నారు?" అంది నర్సమ్మ, ఎర్రబడి.

డాక్టరమ్మ నా కేసి చూసింది. రోగుల సంగతులు ఆవిడ బయటపెట్టకూడదు. నేను మా ఆవిడ కేసి చూశాను. తను తలూపింది.

"బాబులూ, తల్లులూ" అని గొంతు సవరించుకున్నాను. "నాకు పిచ్చి లేదు, ఉన్నది పొగరు. చెయ్యి బాగుపడగానే, కాజాలు దీనికి వదిలి కత్తెర నేను కాజేశాను. డైరీలో నా మనసు సంగతి రాయమంటే, నీకు తెలుసుగా రాసెయ్ అన్నాను. పాపం అది రాసింది. నాది కాదు, దానిది. వీళ్లేమో నా చేతి లెక్క పక్కన దాని మనసు లెక్క పెట్టి, మందు వల్ల మనిషి కుంగిపోతున్నాడని హడలిపోయారు. కుంగింది నిజమే. మందు వల్ల కాదు. నావల్ల. ఒంటికి ఒక మనిషి, మనసుకి ఒక మనిషి, ఇద్దరికీ కలిపి ఒకటే చొక్కా కుట్టారు. పట్టలేదు."

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. కండక్టరు నవ్వలేదు. మెల్లగా కోడలి వైపు తిరిగాడు.

"మన డైరీలో ఏం రాస్తున్నావే?"

"ఎనిమిది, మామయ్యగారూ."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ. బాగానే ఉందని వేసెయ్యమ్మా అన్నారుగా మీరు. సోమవారం పొద్దున బస్సులో ఏడు రోజులదీ ఒకేసారి వేసేస్తాను."

లెక్కల అమ్మాయి తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. ఆ ఎనిమిదులు తన తెర మీద ఎంత తిన్నని గీత గీసి ఉంటాయో గుర్తొచ్చిందేమో, తలుపుకి ఆనుకుంది. ఇంకో మూల, ఓ ముసలాయన భార్య, "మావి మా అబ్బాయి వేస్తాడు, వాడికెప్పుడూ ఐదే" అంది ఎవరూ అడక్కుండానే. నర్సమ్మ మాత్రల డబ్బాలున్న బండి తోసుకొచ్చింది. మొదటిది నాకిచ్చింది. మా ఆవిడ మూత తీసి, ఒకటి నా అరచేతిలో పెట్టింది.

కండక్టరుగారి కోడలు మాత్రం డబ్బా కోసం చెయ్యి చాపలేదు. డాక్టరమ్మ ఎదుటికి వెళ్లి నిలబడింది.

"డాక్టరుగారూ, ఇకనుంచి మామయ్యగారి సంగతి ఆయన్నే అడుగుతారు, బాగానే ఉంది. మరి రాసేవాళ్లకి వేరే కాగితం ఉండదాండీ?"

డాక్టరమ్మ వెనక్కి తిరిగి లెక్కల అమ్మాయిని చూసింది. లెక్కల అమ్మాయి మా ఆవిడని చూసింది.

"ఇప్పటిదాకా లేదు" అంది డాక్టరమ్మ, జేబులో కలం వెతుక్కుంటూ. "ఎంతమంది ఉన్నారు అలా రాసేవాళ్లు, చెయ్యెత్తండి."

గోడ వెంట చేతులు లేచాయి. ఒక్కటీ వణకడం లేదు.